క్లౌడ్ కోసం అప్లికేషన్లు రాయడం: వరంగల్, హన్మకొండ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

కోడ్ రాయడం వచ్చు, ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు నడుస్తోంది, ఇప్పుడు దాన్ని క్లౌడ్‌లో నడపాలి అనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. ప్రశ్నలు ఎక్కువగా ఇంజినీరింగ్ పిల్లలవి, ఊళ్లో షాపులకు, మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చేవాళ్లవి. చాలా జవాబుల్లో ఒకటే ఉదాహరణ వాడుతున్నా: ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుల కోసం ఒక యాప్. గేటు దగ్గర బస్తాలు నమోదు కావాలి, జెండా పాట (రోజూ మొదట జరిగే వేలం) ధర ఫోన్‌కు రావాలి, కాంటా అయ్యాక తూకం, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) యాప్‌లో కనిపించాలి. ఈ యాప్ ఉత్త ఊహే, ఎక్కడా వెతక్కండి.

ల్యాప్‌టాప్‌లో నడిచే కోడ్‌నే తీసుకెళ్లి సర్వర్ మీద పెడితే క్లౌడ్ అప్లికేషన్ అయినట్టే కదా?

నడుస్తుంది, కొన్నాళ్లు బాగానే నడుస్తుంది కూడా. తేడా తెలిసేది ఆ మెషీన్ పోయిన రోజు. క్లౌడ్‌లో మెషీన్ ఎప్పుడైనా పోవచ్చు. కింద హార్డ్‌వేర్ చెడిపోవచ్చు, రద్దీని బట్టి మెషీన్లను పెంచి తగ్గించే ఆటోస్కేలింగే దాన్ని తీసేయవచ్చు, తక్కువ ధరకు వస్తుందని స్పాట్ ఇన్‌స్టెన్స్ (ఖాళీగా ఉన్న మెషీన్) తీసుకుంటే ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) రెండు నిమిషాల ముందు చెప్పి వెనక్కి లాక్కుంటుంది. అలా పోయినప్పుడు దాంతోపాటు మీవి ఏమేం పోతాయి అన్నదే డిజైన్ ప్రశ్న. రైతు పంపిన పాస్‌బుక్ ఫోటో ఆ మెషీన్ డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లో ఉందనుకోండి, అది పోయింది. లాగిన్ సెషన్లు మెమరీలో ఉంటే అందరూ మళ్లీ లాగిన్ కావాలి. రద్దీ పెరిగి రెండో సర్వర్ పెట్టారంటే ఇంకో లొల్లి మొదలవుతుంది: ఫోటో ఒక సర్వర్‌లో ఉంటుంది, దాన్ని చూపించమన్న రిక్వెస్ట్ ఇంకో సర్వర్‌కు పోతుంది, ఒకసారి కనిపిస్తుంది ఒకసారి కనిపించదు, మీ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఎన్నిసార్లు చూసినా కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి ఫైళ్లు ఏడబ్ల్యూఎస్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజీలోకి (మెషీన్‌తో సంబంధం లేకుండా ఫైళ్లు దాచే చోటు), సెషన్లు రెడిస్‌లోకో (మెమరీలో నడిచే వేగమైన డేటాబేస్) మామూలు డేటాబేస్‌లోకో, పాస్‌వర్డ్‌లు, డేటాబేస్ అడ్రసులు కోడ్ బయటికి పోవాలి. సర్వర్‌లో మిగిలేది కోడ్ ఒక్కటే, అంటే దాన్ని ఏ క్షణాన చంపినా నష్టం ఉండకూడదు. క్లౌడ్ సర్వీసు నడిపే హెరోకు వాళ్లు 2011 ప్రాంతంలో ట్వెల్వ్ ఫ్యాక్టర్ పేరుతో పన్నెండు సూత్రాలు రాశారు. పాతవే, అయినా ఇప్పటికీ సగం యాప్‌లు వాటిలో మూడో నాలుగో తప్పుతూనే ఉంటాయి. గంటలో చదివేయొచ్చు.

అన్నా, ఇంటర్వ్యూలో క్లౌడ్ అంటే ఏంటని అడిగితే ఏం చెప్పాలి?

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2011లో ఇచ్చిన నిర్వచనం చెప్పండి, అందులో ఐదు లక్షణాలున్నాయి: ఎవరినీ అడగకుండా మనమే తీసుకోగలగడం, నెట్‌వర్క్ ద్వారా అందడం, వనరులను చాలామంది పంచుకోవడం, అవసరాన్ని బట్టి వెంటనే పెరగడం తగ్గడం, వాడకాన్ని కొలిచి చూపడం. బట్టీ పట్టిన జవాబులా ఉందనిపిస్తే టెంట్ హౌస్ సంగతి చెప్పండి. పెళ్లికి వెయ్యి కుర్చీలు కొనం, అద్దెకు తెచ్చుకుంటాం, తెల్లారి తిరిగి ఇచ్చేస్తాం, ఇవ్వడం మర్చిపోతే మాత్రం రోజు అద్దె పడుతూనే ఉంటుంది. ఆ చివరి ముక్క ఇంటర్వ్యూ చేసేవాళ్లకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే వాళ్ల కంపెనీ బిల్లులో సగం అదే.

ఏడబ్ల్యూఎస్, అజూర్, గూగుల్ క్లౌడ్‌లో ఏది నేర్చుకోవాలి?

ఏదో ఒకటి, కానీ లోతుగా. పేర్లు వేరు, లోపలి ఆలోచన దాదాపు ఒకటే. ఉద్యోగాలు ఎక్కువ దేనికి ఉన్నాయో మీకు కావాల్సిన కంపెనీల ప్రకటనలు ఒక వారం చూస్తే మీకే తెలుస్తుంది.

నాకు క్రెడిట్ కార్డు లేదు. పైసలు పెట్టకుండా నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. కాలేజీ ఈమెయిల్ ఉన్నవాళ్లకు అజూర్ ఫర్ స్టూడెంట్స్ కింద 100 డాలర్ల క్రెడిట్ వస్తుంది, కార్డు అడగరు. నిట్‌లో చదివినా, కేయూలో చదివినా, నర్సంపేట రోడ్డు మీద కాలేజీలో చదివినా, ముందు ఆ ఈమెయిల్ పనిచేస్తోందో లేదో చూసుకోండి, చాలామందికి ఉంటుంది, కానీ వాడరు. గూగుల్ క్లౌడ్ 90 రోజులకు 300 డాలర్లు ఇస్తుంది, కార్డు కావాలి. ఏడబ్ల్యూఎస్ పద్ధతి 2025 జూలై 15 నుంచి మారింది: కొత్త అకౌంట్‌కు గరిష్ఠంగా 200 డాలర్ల క్రెడిట్లు వస్తాయి, ఫ్రీ ప్లాన్ ఆరు నెలలు. "పన్నెండు నెలలు ఫ్రీ, 750 గంటలు" అని చెప్పే పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి, కొత్త అకౌంట్లకు ఆ లెక్క వర్తించదు.

ఇంకొక మాట. నేర్చుకోవాల్సిన దాంట్లో చాలా భాగానికి క్లౌడే అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లోనే కంటైనర్లు నడిపే డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రెడిస్, మీ యాప్ రెండు కాపీలు, ముందు రిక్వెస్టులను రెండు కాపీలకూ పంచే ఒక లోడ్ బ్యాలెన్సర్ పెట్టి, ఒక కాపీని చంపి చూడండి. యాప్ ఆగకపోతే సగం విద్య వచ్చినట్టే.

హైదరాబాద్ రీజియన్ తీసుకోవాలా, ముంబైదా? మనకు హైదరాబాదే దగ్గర కదా?

రీజియన్ అంటే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్లున్న ప్రాంతం. ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్ 2016లో, హైదరాబాద్‌ది 2022 నవంబర్‌లో మొదలయ్యాయి. హైదరాబాద్‌లో కూడా మూడు అవైలబిలిటీ జోన్లు (విడివిడి డేటా సెంటర్ల గుంపులు) ఉన్నాయి. దూరం విషయానికొస్తే, ఫైబర్‌లో సిగ్నల్ మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది, అంటే ముంబై అయినా హైదరాబాద్ అయినా వరంగల్‌లో ఫోన్ పట్టుకున్న మనిషికి తేడా కొన్ని మిల్లీసెకన్లే, అదీ మీ టెలికం కంపెనీ దారి మళ్లించకుండా తిన్నగా తీసుకెళ్తేనే. టవర్ దగ్గర పోయే టైమ్ అంతకంటే ఎక్కువ ఉంటుంది. అసలు తేడా అమెరికా రీజియన్ పెట్టుకున్నప్పుడు వస్తుంది, రానూపోనూ 200 మిల్లీసెకన్లు దాటుతుంది, ఒక స్క్రీన్ తెరవడానికి యాప్ వరసగా ఆరు రిక్వెస్టులు పంపిందంటే సెకను పైనే పోయింది. ట్యుటోరియల్‌లో ఉంది కదా అని అమెరికాలోని వర్జీనియా రీజియన్ పెట్టేసేవాళ్లు చాలామంది.

ముంబై, హైదరాబాద్ మధ్య ఎంచుకునేటప్పుడు చూడాల్సింది రెండే. మీకు కావాల్సిన సర్వీసు అక్కడ ఉందా, దాని ధర ఎంత. కొత్త రీజియన్లకు కొన్ని సర్వీసులు ఆలస్యంగా వస్తాయి. ఒకదాంట్లో యాప్ పెట్టి రెండో దాంట్లో బ్యాకప్ పెట్టుకోవడం నాకు నచ్చే పద్ధతి, డేటా దేశం దాటదు, ఒక ఊరికి ఏదైనా అయితే ఇంకో ఊళ్లో కాపీ ఉంటుంది.

డేటా ఇండియాలోనే ఉండాలని చట్టం ఉందా?

పేమెంట్ డేటాకు ఉంది, 2018 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం పేమెంట్ సిస్టమ్‌ల డేటా దేశంలోనే దాచాలి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం అన్ని రకాల డేటాకూ అలాంటి షరతు పెట్టలేదు, ప్రభుత్వం వద్దన్న దేశాలకు పంపకూడదు అంటుంది. కానీ వ్యక్తుల డేటాకు తగిన రక్షణ పెట్టకపోతే 250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. రైతు ఆధార్ నంబర్ మీకు నిజంగా అవసరమా అని ముందు అడుక్కోండి. అవసరం లేని డేటా తీసుకోకపోతే దాన్ని కాపాడే పని కూడా ఉండదు.

మైక్రోసర్వీసులతోనే మొదలుపెట్టాలా? అందరూ అదే అంటున్నారు.

వద్దు. మైక్రోసర్వీసులంటే ఒక యాప్‌ను విడివిడిగా నడిచే చిన్న సర్వీసులుగా విడగొట్టడం. ఇద్దరు ముగ్గురు కలిసి రాసే యాప్‌కు పది సర్వీసులెందుకు? గేటు నమోదు ఒక సర్వీసు, ధరలు ఒక సర్వీసు, తక్‌పట్టీ ఒక సర్వీసు అని విడగొడితే, ఒక ప్రాసెస్‌లో ఫంక్షన్ కాల్‌గా అయిపోయే పని నెట్‌వర్క్ మీదికి పోతుంది, నెట్‌వర్క్ ఫెయిల్ అవుతుంది, ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయగలిగింది మూడు డేటాబేసుల్లో సగం సగం పడుతుంది. ఒకటే అప్లికేషన్‌గా రాయండి, లోపల మాడ్యూల్స్ శుభ్రంగా విడదీయండి. ఏదైనా ఒక భాగానికి మిగతావాటికంటే చాలా ఎక్కువ రద్దీ ఉందనో, దాన్ని వేరే టీమ్ చూసుకుంటుందనో తేలినప్పుడు దాన్నొక్కదాన్నే బయటికి తీయొచ్చు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రివ్యూలో మైక్రోసర్వీసులంటే మార్కులు పడతాయన్నది నిజమే, ఆ సంగతి వేరు.

వీఎం, కంటైనర్, సర్వర్‌లెస్‌లలో ఎప్పుడు ఏది?

వీఎం (వర్చువల్ మెషీన్) అంటే మొత్తం మెషీన్ మీ చేతికి వస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లూ మీ నెత్తి మీదే. కంటైనర్ అంటే మీ యాప్, దానికి కావాల్సిన లైబ్రరీలు ఒక ఇమేజ్‌గా కట్టి ఇస్తారు, గూగుల్ వాళ్ల క్లౌడ్ రన్, ఏడబ్ల్యూఎస్ వాళ్ల ఫార్గేట్ లాంటివి నడుపుతాయి. సర్వర్‌లెస్ ఫంక్షన్ అంటే పిలిస్తేనే లేస్తుంది, నడిచినంతసేపటికే పైసలు. ఇంతవరకు ఏ వీడియోలో అయినా చెబుతారు. చెప్పనివి కొన్నున్నాయి.

ఏడబ్ల్యూఎస్ సర్వర్‌లెస్ సర్వీసు లాంబ్డా ఒక్కో పనికి గరిష్ఠంగా 15 నిమిషాలే ఇస్తుంది, దాని ముందు బయటి రిక్వెస్టులు తీసుకునే ఏపీఐ గేట్‌వే పెడితే మామూలుగా 29 సెకన్లకే జవాబు రావాలి. సీజన్ మొత్తం అమ్మకాల రిపోర్టు తయారుచేసే పని అందులో పెడితే సగంలో ఆగుతుంది. రెండోది కోల్డ్ స్టార్ట్, కొంతసేపు ఎవరూ పిలవకపోతే మొదటిసారి లేవడానికి టైమ్ పడుతుంది, జావా, స్ప్రింగ్‌తో రాస్తే అది బాగా తెలుస్తుంది, పైథాన్, నోడ్ అయితే తక్కువ.

మూడోది డేటాబేస్ కనెక్షన్లు. నిజంగా దెబ్బకొట్టేది ఇదే. పోస్ట్‌గ్రెస్ మామూలు సెట్టింగ్‌లో 100 కనెక్షన్లే తీసుకుంటుంది. లాంబ్డా మాత్రం ఒకేసారి వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌కూ వేరే కాపీ లేపుతుంది, ప్రతి కాపీ ఒక కనెక్షన్ తెరుస్తుంది. జెండా పాట అయిపోగానే ఐదొందల మంది ఒకేసారి యాప్ తెరిచారనుకోండి, ఫంక్షన్లు హాయిగా ఐదొందలు లేస్తాయి, డేటాబేస్ కుప్పకూలుతుంది, డాష్‌బోర్డులో చూస్తే ప్రాసెసర్ వాడకం తక్కువే ఉంటుంది, ఏమైందో అర్థం కాదు. మధ్యలో కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే కనెక్షన్ పూలర్ పెట్టాలి, పీజీబౌన్సర్ కావచ్చు, ఆర్‌డీఎస్ ప్రాక్సీ కావచ్చు. లేదా మొదటే కంటైనర్‌కు పోవాలి, ఒక్కో కంటైనర్ వందల రిక్వెస్టులను కొద్దిపాటి కనెక్షన్లతోనే చూసుకుంటుంది.

నా మాట అడిగితే, వెబ్ ఏపీఐకి కంటైనర్, అప్పుడప్పుడు జరిగే పనులకు, అంటే ఫోటో సైజు తగ్గించడం, రాత్రి రిపోర్టు పంపడం లాంటివాటికి ఫంక్షన్. వీఎం చివరి మార్గం.

కుబర్నెటిస్ రాకపోతే ఉద్యోగం రాదా?

వస్తుంది. చాలా కంటైనర్లను ఒకేసారి చూసుకోవడానికి 2014లో గూగుల్ బయటపెట్టిన కుబర్నెటిస్ మంచిదే, పెద్ద కంపెనీల్లో ఉంటుంది, పాడ్, డిప్లాయ్‌మెంట్, సర్వీస్ అంటే ఏమిటో తెలిసుండాలి. మీ మిర్చి యాప్‌కు మాత్రం అది అక్కర్లేదు, దాన్ని చూసుకోవడానికే ఒక మనిషి కావాలి.

ఒక్కసారిగా లక్షల మంది వస్తే? ఆటోస్కేలింగ్ పెడితే సరిపోతుందా?

మేడారం జాతర సంగతి తీసుకుందాం. రెండేళ్లకోసారి వస్తుంది, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24, 2026లో జనవరి 28 నుంచి 31. ప్రత్యేక బస్సులు, పార్కింగ్, దారి మళ్లింపు చూపించే యాప్ చేశారనుకోండి. ఏడాది పొడవునా రోజుకు పదిమంది చూస్తారు, ఆ నాలుగు రోజులు జిల్లా జిల్లా అంతా చూస్తుంది. క్లౌడ్ పుట్టిందే ఇలాంటి పనికి, కానీ ఆటోస్కేలింగ్ స్విచ్ వేసేసి కూర్చుంటే మునుగుతారు.

మొదటిది, ఆటోస్కేలింగ్ రద్దీ వచ్చాక లేస్తుంది. మెట్రిక్ పెరిగిందని గుర్తించి, కొత్త మెషీన్ లేచి, యాప్ స్టార్ట్ అయి, హెల్త్ చెక్ దాటడానికి కొన్ని నిమిషాలు పోతాయి, ఆలోపు ఉన్న మెషీన్లు పడిపోతాయి. జాతర తేదీ ముందే తెలుసు కదా, గద్దెకు సారలమ్మ వచ్చే రోజు తెలుసు, సమ్మక్క వచ్చే రోజు తెలుసు, షెడ్యూల్ పెట్టి ముందురోజే పెంచి ఉంచండి.

రెండోది, ప్రతి అకౌంట్‌కూ కోటాలు ఉంటాయి. లాంబ్డా ఒక రీజియన్‌లో మామూలుగా ఒకేసారి 1000 కంటే ఎక్కువ నడవదు, కొత్త అకౌంట్లకు ఇంకా తక్కువ. పెంచమని రిక్వెస్ట్ పెట్టాలి, అది ఆ రోజు పొద్దున పెడితే లాభం లేదు.

మూడోది, వెబ్ సర్వర్లు యాభైకి పెరుగుతాయి, డేటాబేస్ ఒక్కటే ఉంటుంది. ఆ యాభై సర్వర్లూ దాని మీదే పడతాయి. బస్సుల వివరాలు ఐదు నిమిషాలకోసారి మారేవే కదా, ప్రతి మనిషికీ డేటాబేస్‌ను అడగడమెందుకు? ఐదు నిమిషాలకోసారి ఒక ఫైలుగా తయారుచేసి సీడీఎన్‌లో (ఫైళ్ల కాపీలను జనానికి దగ్గరి సర్వర్ల నుంచి ఇచ్చే నెట్‌వర్క్) పెట్టండి, లక్షమంది చూసినా మీ డేటాబేస్‌కు ఐదు నిమిషాలకు ఒక్క ప్రశ్నే పోతుంది. క్లౌడ్ డిజైన్‌లో ఇంత సులువుగా ఇంత లాభం ఇచ్చేది ఇంకోటి లేదు, అయినా దీన్ని ఎవరూ ముందు ఆలోచించరు, పెద్ద డేటాబేస్ కొనడమే గుర్తొస్తుంది.

నాలుగోది ఫోన్ వైపు. సర్వర్ జవాబివ్వకపోతే మీ యాప్ వెంటనే మళ్లీ అడుగుతుందా? లక్ష ఫోన్లు ఒక్క సెకను ఆగి ఒకేసారి మళ్లీ అడిగితే లేవబోతున్న సర్వర్‌ను మీ యాపే మళ్లీ పడగొడుతుంది. ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని ఆగుతూ పోవాలి, దానికి కొంత యాదృచ్ఛిక సమయం కలపాలి, లేకపోతే అందరూ కలిసే ఎనిమిదో సెకనులో వస్తారు.

క్యూ ఎందుకు? నేరుగా ఎస్ఎంఎస్ పంపేస్తే పోదా?

ఎస్ఎంఎస్ గేట్‌వే పది సెకన్లు జవాబివ్వకపోతే కాంటా దగ్గర తూకం నమోదు కూడా పది సెకన్లు ఆగుతుంది, వెనకాల హమాలీలు బస్తాలతో నిలబడి ఉంటారు. తూకం డేటాబేస్‌లో రాసి, "ఈ రైతుకు మెసేజ్ పంపాలి" అని క్యూలో వేసి, వెంటనే జవాబివ్వండి. వేరే వర్కర్ తీరిగ్గా పంపుతుంది. గేట్‌వే గంటసేపు పడిపోయినా మెసేజ్‌లు క్యూలో ఉంటాయి, ఏడబ్ల్యూఎస్ క్యూ సర్వీసు ఎస్‌క్యూఎస్ అయితే గరిష్ఠంగా 14 రోజులు.

కానీ క్యూలు చాలావరకు "కనీసం ఒకసారి" అన్న హామీయే ఇస్తాయి. అంటే ఒకే మెసేజ్ రెండుసార్లు కూడా రావచ్చు. వర్కర్ ఎస్ఎంఎస్ పంపేసి, "అయిపోయింది" అని చెప్పేలోపు చచ్చిపోతే ఆ మెసేజ్ మళ్లీ వస్తుంది. ఎస్ఎంఎస్ రెండుసార్లు వస్తే రైతు ఏమీ అనుకోడు, రైతు అకౌంట్‌లో డబ్బు రెండుసార్లు పడితే అడ్తిదారు ఊరుకోడు. ప్రతి పనికీ ఒక ప్రత్యేక ఐడీ ఇచ్చి, ఆ ఐడీతో పని అయిపోయిందా అని డేటాబేస్‌లో చూసుకుని చేయాలి, ఆ ఐడీ కాలమ్ మీద యూనిక్ నియమం పెట్టాలి. ఎన్నిసార్లు పిలిచినా ఫలితం ఒక్కసారి చేసినట్టే ఉండాలి. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫెయిలయ్యే మెసేజ్‌లను డెడ్ లెటర్ క్యూలోకి పంపండి, దాన్ని ఎవరైనా చూస్తున్నారా అన్నది కూడా చూసుకోండి.

మార్కెట్ యార్డులో సిగ్నల్ సరిగ్గా ఉండదు. అప్పుడు క్లౌడ్ ఎలా?

ఫిబ్రవరి, మార్చిలో యార్డు నిండా మిర్చి, మనుషులు, అందరి ఫోన్లూ ఒకే టవర్ మీద. నెట్ ఉంటుందనుకుని డిజైన్ చేస్తే యాప్ పనికిరాదు. నమోదు ముందు ఫోన్‌లోనే ఉండే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లో రాసుకోవాలి, సిగ్నల్ వచ్చినప్పుడు పంపాలి. లాట్ నంబర్ సర్వర్ ఇచ్చేదాకా ఆగకుండా ఫోనే యూయూఐడీ (ఇంకెక్కడా రాని పొడవాటి ఐడీ) తయారుచేసుకోవాలి, పైన చెప్పిన రెండుసార్లు పడే సమస్యకు కూడా అదే ఐడీ పనికొస్తుంది. ఫోన్‌లో గడియారాన్ని నమ్మకండి, కొందరి ఫోన్లలో తేదీయే తప్పుంటుంది, ఫోన్ చెప్పిన టైమ్, సర్వర్‌కు చేరిన టైమ్ రెండూ దాచండి. ఒకే లాట్‌ను ఇద్దరు మార్చితే ఎవరి మాట నెగ్గాలో ముందే మార్కెట్ వాళ్లను అడిగి తేల్చుకోండి, అది ప్రోగ్రామర్ తేల్చే విషయం కాదు.

తెలుగు డేటాతో ఏమైనా ఇబ్బందులుంటాయా?

ఉంటాయి, ఇంగ్లిష్ ట్యుటోరియళ్లలో దొరకవు కాబట్టి కాస్త వివరంగా చెబుతా. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్ పాయింట్‌కు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన నంబర్) 3 బైట్లు. "క్షే" అన్నది చూడ్డానికి ఒక అక్షరం, లోపల నాలుగు కోడ్ పాయింట్లు, అంటే 12 బైట్లు. ఎక్కడైనా బైట్ల లెక్కన హద్దు పెడితే పేర్లు సగంలో తెగుతాయి. మైఎస్‌క్యూఎల్‌లో "యూటీఎఫ్8" అని ఉన్న పాత సెట్టింగ్ తెలుగును దాస్తుంది, ఎమోజీ రాగానే ఎర్రర్ ఇస్తుంది లేదా అక్కడే కత్తిరిస్తుంది, "యూటీఎఫ్8ఎంబీ4" పెట్టండి.

ఎస్ఎంఎస్ ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు, తెలుగులో 70 కోడ్ పాయింట్లే. అది దాటితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు 67, ప్రతి ముక్కకూ చార్జీ. "మీ తేజ మిర్చి 12 బస్తాలు తూకం పూర్తయింది" అని మొదలుపెట్టి మర్యాదగా రాసుకుంటూ పోతే మూడు ఎస్ఎంఎస్‌ల ఖర్చు. పైగా మన దేశంలో ఎస్ఎంఎస్ టెంప్లేట్‌ను టెలికం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే నమోదు చేయాలి, ఒక్క చుక్క తేడా ఉన్నా పోదు. క్లౌడ్ సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నా మెసేజ్‌లు రావట్లేదని టెన్షన్ పడేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే.

వెతకడంలో ఇంకోటి. "రాజ్‌కుమార్" అని రాసేటప్పుడు జ్, కు మధ్య కనిపించని ఒక గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉండవచ్చు, ఉండకపోవచ్చు, కీబోర్డును బట్టి. చదివే మనిషికి ఒకటే పేరు, డేటాబేస్‌కు వేరే మనుషులు. చూపించడానికి అసలు పేరు అలాగే ఉంచి, వెతకడానికి ఆ గుర్తు తీసేసిన కాపీ ఇంకో కాలమ్‌లో పెట్టుకోండి.

రాత్రి 12కు పెట్టిన జాబ్ పొద్దున ఐదున్నరకు నడుస్తోంది. ఎందుకు?

క్లౌడ్ గడియారం మామూలుగా యూటీసీలో (ప్రపంచమంతటికీ ప్రామాణిక సమయం) ఉంటుంది, మనం ఐదున్నర గంటలు ముందున్నాం. మన అర్ధరాత్రి అంటే యూటీసీలో 18:30. డేటాబేస్‌లో టైమ్ యూటీసీలోనే దాచి, చూపించేటప్పుడు మార్చండి. "ఈరోజు అమ్మకాలు" అన్న రిపోర్టులో తెల్లారి నాలుగింటికి గేటు దాటిన బండ్లు నిన్నటి లెక్కలోకి పోతుంటే కూడా కారణం ఇదే.

బిల్లు ఎక్కడ పేలుతుంది?

మెషీన్ ధర అందరూ చూస్తారు. పేలేది పక్కన ఉన్నవాటిలో. బయటికి కనిపించని మెషీన్లను (ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉండేవి) ఇంటర్నెట్‌కు కలిపే ఏడబ్ల్యూఎస్ నాట్ గేట్‌వే అమెరికా రీజియన్ ధర ప్రకారం గంటకు 4.5 సెంట్లు, నెలకు 32 డాలర్ల పైనే, డేటా చార్జీ వేరే. ట్యుటోరియల్ చూసి ప్రైవేట్ సబ్‌నెట్‌లు కడితే ఒక్కో జోన్‌కు ఒకటి చొప్పున వచ్చి కూర్చుంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకూ గంటకు అర సెంటు, వాడినా వాడకపోయినా. మెషీన్ ఆపినా దాని డిస్క్‌కు పైసలు పడుతూనే ఉంటాయి. డీబగ్ లాగ్‌లు ఆన్ చేసి వదిలేస్తే లాగ్ సర్వీసు బిల్లు యాప్ బిల్లును దాటవచ్చు, లాగ్‌లకు గడువు పెట్టకపోతే అవి ఎప్పటికీ ఉంటాయి. బయటికి పోయే డేటాకు ఏడబ్ల్యూఎస్ నెలకు 100 జీబీ ఉచితం, ఆ తర్వాత చార్జీ. వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ.

బడ్జెట్ అలర్ట్ పెడితే ఖర్చు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు, మెయిల్ మాత్రమే వస్తుంది, అది కూడా గంటల ఆలస్యంగా, ఎందుకంటే బిల్లింగ్ లెక్కలు రోజుకు కొన్నిసార్లే అప్‌డేట్ అవుతాయి. అందుకే 500 రూపాయలకు ఒక అలర్ట్, 1000కి ఒకటి అని చిన్న మొత్తాలకే పెట్టుకోండి. యాప్ డిజైన్ చేసేటప్పుడే "ఒక రైతు ఒక రోజు వాడితే ఎంత ఖర్చు" అని కాగితం మీద లెక్క వేయండి, ఆ లెక్క రాని డిజైన్ పూర్తి కానట్టే.

యాక్సెస్ కీ పొరపాటున గిట్‌హబ్‌లో పడింది. ఆ కమిట్ డిలీట్ చేశాను, అది చాలదా?

చాలదు. ముందు ఆ కీని రద్దు చేయండి, ఇది చదవడం ఆపి ఇప్పుడే. కీల కోసం గిట్‌హబ్‌ను జల్లెడ పట్టే బాట్లు ఉన్నాయి, నిమిషాల్లో పట్టుకుంటాయి. తర్వాత అన్ని రీజియన్లలో మీరు పెట్టని మెషీన్లు నడుస్తున్నాయేమో చూడండి, మీరు వాడని రీజియన్లలో ముఖ్యంగా. అసలు కోడ్‌లో కీ ఉండాల్సిన అవసరమే లేదు, క్లౌడ్‌లో నడిచే యాప్‌కు రోల్ (ఏమేం చేయొచ్చో చెప్పే గుర్తింపు) ఇస్తే తాత్కాలిక అనుమతులు దానంతటదే తెచ్చుకుంటుంది. రూట్ అకౌంట్‌కు రెండో అంచె లాగిన్ పెట్టి, రోజువారీ పనికి దాన్ని వాడకండి.

సర్వీసు 99.9 శాతం సమయం నడుస్తుందంటే దాదాపు పడిపోదనే కదా?

నెలకు 43 నిమిషాలు పడిపోవచ్చని. అలాంటివి మూడు ఒకదాని మీద ఒకటి ఆధారపడితే 99.7కు దిగుతుంది, నెలకు రెండు గంటల పైమాట. పెద్దవాళ్లవీ పడతాయి. 2017 ఫిబ్రవరి 28న వర్జీనియాలో ఎస్3 గంటలపాటు ఆగింది, ఒక ఉద్యోగి కమాండ్‌లో తప్పు విలువ ఇవ్వడం వల్ల. 2025 అక్టోబర్ 20న అదే రీజియన్‌లో ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సర్వీసు డైనమోడీబీకి వచ్చిన డీఎన్ఎస్ (పేరును బట్టి సర్వర్ అడ్రసు చెప్పే వ్యవస్థ) సమస్యతో ఎన్నో యాప్‌లు ఆగాయి. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయింది, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకు ఏమీ మిగల్లేదు.

ఎస్3 డేటా భద్రతకు పదకొండు తొమ్మిదులు (99.999999999 శాతం) అని చెబుతారు, నిజమే, కానీ మీరే డిలీట్ కొడితే అది మీరు చెప్పినట్టే నమ్మకంగా డిలీట్ చేస్తుంది. పాత కాపీలను ఉంచే వర్షనింగ్ ఆన్ చేయండి. బ్యాకప్ తీసుకోవడం కాదు, నెలకోసారి దాన్నుంచి కొత్త డేటాబేస్ లేపి చూడండి. లేవకపోతే అది బ్యాకప్పే కాదు.

కన్సోల్‌లో క్లిక్ చేస్తే పోయేదానికి టెర్రాఫామ్ ఎందుకు?

ఆరు నెలల తర్వాత ఏ బటన్ నొక్కారో మీకే గుర్తుండదు కాబట్టి. టెర్రాఫామ్‌లో ఏ మెషీన్లు, ఏ సర్వీసులు కావాలో ఫైల్‌లో రాస్తారు, అది గిట్‌లో ఉంటుంది, టెస్ట్ కోసం అదే సెటప్ ఇంకోటి లేపొచ్చు, పని అయ్యాక ఒక్క కమాండ్‌తో అంతా తీసేయొచ్చు. టెర్రాఫామ్ లైసెన్స్ 2023లో మారింది, పూర్తి ఓపెన్ సోర్స్ కావాలంటే ఓపెన్‌టోఫు ఉంది, రాసే పద్ధతి దాదాపు ఒకటే.

ఒకే కంపెనీకి అతుక్కుపోతామేమో?

అతుక్కుపోతారు. పోస్ట్‌గ్రెస్, కంటైనర్లు వాడితే మారడం సులువు, డైనమోడీబీ చుట్టూ కడితే కష్టం. కానీ ఎప్పుడో మారాల్సి వస్తుందేమోనని మొదటిరోజే మూడు క్లౌడ్‌లకూ సరిపోయేలా రాస్తే మొదటిదే పూర్తికాదు.

వరంగల్‌లో ఉండి ఈ పని చేయొచ్చా, హైదరాబాద్ పోవాల్సిందేనా?

2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సయెంట్ సెంటర్లు మొదలయ్యాయి. అయినా అవకాశాల లెక్క చూస్తే హైదరాబాద్‌దే పైచేయి, దాన్ని దాచి లాభం లేదు. పని నేర్చుకోవడానికి మాత్రం ఊరు అడ్డం కాదు. ఊళ్లో ఒక రైస్ మిల్లుకో, మందుల షాపుకో నిజంగా వాడే యాప్ చేసి, ఏడాది నడిపి, బిల్లు కట్టి, ఒకసారి పడిపోతే రాత్రిపూట లేపిన మనిషి ఇంటర్వ్యూలో వేరేగా మాట్లాడతాడు. సర్టిఫికెట్ రెజ్యూమే వడపోతలో పనికొస్తుంది, ఒకటి చాలు.

ఈ మిర్చి యాప్‌ను ఇవాళ మొదలుపెడితే నువ్వేం వాడతావన్నా?

ఒకే అప్లికేషన్, కంటైనర్‌లో, రెండు కాపీలు రెండు జోన్లలో. మేనేజ్డ్ పోస్ట్‌గ్రెస్, రోజూ ఆటోమేటిక్ బ్యాకప్, కాపీ ఇంకో రీజియన్‌లో. ఫోటోలు ఆబ్జెక్ట్ స్టోరేజీలో. ఎస్ఎంఎస్‌లకు ఒక క్యూ, ఒక వర్కర్. జెండా పాట ధరలు ఫైలుగా సీడీఎన్‌లో. ఫోన్‌లో ఎస్‌క్యూలైట్. ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక ఐడీ, అది అన్ని లాగ్‌లలో కనిపించాలి, ఫోన్ నంబర్లు, ఆధార్ లాగ్‌లలో కనిపించకూడదు. రెడిస్ అవసరమని కొలతల్లో తేలేదాకా వద్దు.

ప్రాజెక్టు అయిపోయింది, సబ్మిట్ చేశాం. అకౌంట్‌ను ఏం చేయాలి?

టెర్రాఫామ్‌తో కట్టి ఉంటే డిస్ట్రాయ్ కొట్టండి. చేత్తో కట్టి ఉంటే ఈ వరసలో చూడండి: మెషీన్లు, లోడ్ బ్యాలెన్సర్లు, నాట్ గేట్‌వేలు, డేటాబేసులు, వాటి స్నాప్‌షాట్లు, విడిగా మిగిలిన డిస్కులు, ఎవరికీ తగిలించని ఐపీ అడ్రసులు, చివరగా ఎస్3లో ఫైళ్లు పెట్టిన బకెట్లు. వర్షనింగ్ ఉన్న బకెట్‌లో పాత వర్షన్లు కూడా తీయాలి, లేకపోతే అది డిలీట్ కాదు. ఒక్కో రీజియన్ మార్చి మళ్లీ చూడండి. రెండు రోజులాగి బిల్లింగ్ పేజీలో కొత్త ఖర్చు పడట్లేదని చూసుకున్నాక అకౌంట్ మూసేయండి.